పలకరింపులో పలుకు ఎవరిది?

వేసవిలో రెంటచింతల పేరు వినని తెలుగువాడు అరుదు. నాటి అత్యధికోష్ణోగ్రత నమోదైన ఊళ్ళ పట్టికలో ఆ పేరు ఏటేట వార్తలలో వినబడుచునే యుండును. అట్టి యొక వైశాఖ మధ్యాహ్నమున, నాపరాళ్ళు పరచిన యొక వసారాలో, వారము దినముల క్రిందట భర్తను పోగొట్టుకొన్న మా పినతల్లి వరుస యావిడ యెదుట చాపమీద కూర్చుండి, దారి పొడుగునను కూర్చుకొని వచ్చిన ఓదార్పు మాటలన్నిటిని ఒకదాని వెంట నొకటి అప్పగించితిని. "ఏం చేస్తాం పిన్నీ, రాసిపెట్టినంతే. పిల్లల మొకం చూసి గుండె దిటవు చేసుకో. అయినా ఆయన అదృష్టవంతుడు, మంచాన పడకుండా పోయాడు." ఆమె నన్ను అడ్డగింపలేదు. నా సరకు అయిపోవు వరకు ఓపికగా విని, చెంగుతో మొగము తుడుచుకొని, "అయ్యన్నీ వారం నించీ వింటానే ఉన్నాలేరా. నువ్వు మీ బాబాయిని ఆఖరుసారి యాడ చూశావు?" అని అడిగినది.

ఆ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానమును తరువాత విన్నవించెదను. ఆమె దానిని అడుగుటకు మునుపు, పలకరింపనగా పలుకుటయే యని నేను తలచియుంటిని. పలుకవలసినది వచ్చినవాడా, ఇంటిలోనున్న దుఃఖితురాలా యన్న శంక నాకు ఎన్నడును కలుగలేదు.

చావింటికి పోయి కూర్చుండి వచ్చుటను చదువుకొన్నవారు పరామర్శ యందురు, తక్కిన ఊరంతయు పలకరింపు అనును. దీనికి మన పల్లెలలో వ్రాయబడని నియమములు కొన్ని కలవు. గడపలోనున్నవారు "రండి" అనరు. లేచి పోవువారు "వెళ్ళొస్తాం" అనరు. పొయ్యి వెలుగని ఆ యింటికి ఇరుగుపొరుగువారే అన్నమును చారును వండి తెత్తురు. ఈ యేర్పాటు చేసిన పెద్దలు మాటను ఎంత పొదుపుగా వాడిరో చూడుడు: రాకకు స్వాగతము లేదు, పోకకు వీడ్కోలు లేదు. నడుమనున్న ఆ అరగంటలో మాత్రము మనము నోటికి వచ్చినదెల్ల కురిపించి, ఆ కురిపించుటకు సానుభూతి యని పేరు పెట్టుకొన్నాము. దాంపత్యములో ఒకరిని పోగొట్టుకొన్నవారిని పలకరించుటను గూర్చి లోకములో నాటుకొన్న అపోహలకు పెక్కింటికి మూలము అక్కడనే యున్నది.

అపోహ: తగిన ఓదార్పు మాట దొరకనిచో పోకుండుటయే మేలు

"ఏం మాట్లాడాలో తెలియక రాలేదు" అని పెద్దకర్మ దాటిన తరువాత సంజాయిషీ చెప్పుకొనువారు ప్రతి యూరిలోను ఉందురు. వారి బెరుకు నిజమైనదే. వారి ఊహ మాత్రము పొరపాటు. భార్యావియోగమును మాన్పగల మాట యొకటి ఎక్కడనో యున్నదనియు, పండితులకో వేదాంతులకో అది దొరకుననియు వారు భ్రమపడుచున్నారు. కాళిదాసు రఘువంశము ఎనిమిదవ సర్గలో, ఇందుమతిని పోగొట్టుకొన్న అజ మహారాజునకు సాక్షాత్తు వసిష్ఠుడే శిష్యుని ద్వారా తత్త్వోపదేశము పంపినాడు. అజుడు ఆ శిష్యుని మన్నించి, సరేయని సాగనంపినాడు. ఉపదేశమునకు మాత్రము అతని గుండెలో చోటు దొరకలేదు. కొడుకు చిన్నవాడగుటచేత అతడు ఎనిమిది సంవత్సరములు ప్రాణము నిలుపుకొన్నాడు. ఆ కాలమును గడపుటకు అతనికి తోడ్పడినవి ఆమెను పోలిన చిత్తరువులును, క్షణకాలపు స్వప్నములునే కాని వేదాంతము కాదు. కులగురువు వాక్యమే ఆ పని చేయలేకపోగా, మనము బస్సులో కంఠస్థము చేసిన నాలుగు ముక్కలు ఏమి చేయగలవు?

ఈ ముక్కలలో కొన్నింటికి ములుకులుండును. "కనీసం బాధపడకుండా పోయాడు" అనునప్పుడు ఆ "కనీసం" ఒక త్రాసును తెచ్చి దుఃఖమును తూచుచున్నది. "మా మేనమామ కూతురికి పాతికేళ్ళకే ఇట్టా అయింది" అనునది ఎదుటివారి యేడుపును పరుల లెక్కలోనికి మార్చివేయును. "నీ బాధ నాకు తెలుసు" అనుట అసత్యము. ముప్పదియేండ్లు ఒకే కంచము కడిగి పెట్టిన చేతికి తెలిసినది వచ్చినవానికి ఎట్లు తెలియును? ఇక ఫోనులో ఆర్‌.ఐ.పి. యను మూడక్షరములు నొక్కి, దాని ప్రక్కన రెండు చేతుల బొమ్మ యతికించి, ఋణము తీరినదనుకొను నేటి పద్ధతిని గూర్చి నేను చెప్పదలచుకొనలేదు. కన్నీటికి సంక్షిప్త లిపి యుండునని మన తాతలు ఊహించియుండరు.

"నాకేం మాట్లాడాలో తెలియట్లేదు పిన్నీ" అని ఉన్నదున్నట్లు చెప్పి చాపమీద కూర్చున్నచో చాలును. ఆ మాటలో కొరత లేదు. దూరదేశముననున్నవారు ఫోనులో చెప్పవలసి వచ్చినను ఇంతకన్న మిక్కిలి అక్కరలేదు. అవతలివారు మాటలాడక యున్నపుడు లైను తెగినదేమో యని కంగారుపడక, ఆ మౌనమును వినుచు పట్టుకొనియుండుట తెలిసిన చాలును.

అపోహ: పోయినవారి పేరెత్తిన గాయము రేగును

అపోహలలో మిక్కిలి దయగలదివలె కనబడి మిక్కిలి క్రూరమైనది యిదియే. పేరు పలికిన ఏడ్తురని పేరు పలుకుట మానుదురు. తీగమీది చొక్కాను తీసి దాచుదురు. కొందరు పటమునుగూడ గోడకు త్రిప్పి పెట్టుదురు. తమంత తాముగా భార్యయో భర్తయో ఆ ప్రస్తావన తెచ్చినచో "ఇప్పుడవన్నీ ఎందుకులే" అని మాట మార్చుదురు. గుర్తుచేసిన గాని గుర్తురాదనుకొనుటలోనే వింత యున్నది. దినమంతయు మరువనివారికి మనము క్రొత్తగా గుర్తుచేయునది ఏమి?

రెంటచింతల యున్న పల్నాటి సీమవారు ఈ అపోహలో పడుట మరియు విడ్డూరము. పండ్రెండవ శతాబ్దమునాటి యొక యుద్ధములో కూలినవారి పేరులను, కారెంపూడి వీరుల గుడిలో ఏటేట కార్తికమాసపు టమావాస్యకు కూడి, కథలుగా పాడించుకొని, ఆయుధములకు పూజ చేసి, నేటికిని మరువని సీమ యిది. ఆ యుద్ధవీరుడు బాలచంద్రుని తలచుకొను ఊరిలో నిన్న పోయిన మగని పేరు తలచుట తప్పగునా? శ్మశానమునుగూడ మాటలాడించిన గుఱ్ఱము జాషువ జన్మించిన వినుకొండయు నీ పల్నాటిలోనిదే. ఆయన శ్మశానవాటిక పద్యములను హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో నటులు పాడుచుండగా, తమ తమ మృతులను తలచుకొని రాత్రంతయు కూర్చున్న తరములు మన యెరుకలోనివే.

మనశ్శాస్త్రజ్ఞులుగూడ కొంతకాలము పొరబడిరి. మృతులనుండి మనస్సును పూర్తిగా విడదీసికొనుటయే శోకము యొక్క పని యను భావము ఇరువదవ శతాబ్దములో చాలకాలము చెల్లినది. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్మన్, స్టీవెన్ నిక్మన్ అనువారు కూర్చిన గ్రంథము ఆ భావమును ప్రశ్నించి, పోయినవారితో బంధమును రూపము మార్చి నిలుపుకొనుట సహజమని వాదించినది. తద్దినములు పెట్టుకొను జాతికి ఇందులో క్రొత్తయేమియు కనబడదు.

ఇప్పుడు పిన్ని ప్రశ్నకు నా సమాధానము. బాబాయిని నేను కడపటిసారి చూచినది మాచర్ల బజారులో, ఒక పుచ్చకాయల బండి దగ్గర. బేరము ఆరంభమై ఎంతసేపైనదో నేనెరుగను. నేను చూచిన పావుగంటలో కాయను నాలుగుసార్లు తట్టి, రెండుసార్లు వదలిపోయి, రెండుసార్లు మరలివచ్చి, పది రూపాయలు తగ్గించుకొని, విజయగర్వముతో డబ్బు చెల్లించి, ఆ ఊపులో కాయను బండిమీదనే విడిచి బస్సెక్కిపోయినాడు. ఇది చెప్పవచ్చునో చెప్పరాదో యని నసుగుచు నేను చెప్పుచుండగా పిన్ని నోరు తెరచి వినుచున్నది. "అందుకా! ఆ రోజు వట్టి సంచీతో వచ్చి, 'కాయలు బాగా లేవే, తేలేదు' అన్నాడు. అబద్ధమా!" యని ఒక్కసారి నవ్వినది, నవ్వు సగములో ఏడ్పైనది, ఏడ్పు నడుమ మరల నవ్వు వచ్చినది. ఆ యింట వారము దినములుగా వినబడని ధ్వని యది.

ఆమెకు తెలియని భర్త కొంచెము నాయొద్ద నుండెను. ప్రతి పరిచితుని యొద్దను అట్టి తునక యొకటి యుండును. దానిని దాచుకొని వేదాంతమును పంచుటకంటె లోభత్వము వేరే లేదు.

అపోహ: ఏడ్వనివారిని ఏడ్పింపవలెను, లేనిచో గుండె ఆగును

చావింట రాతిబొమ్మవలె కూర్చున్న స్త్రీని చూచి పెద్దవాండ్రు భయపడి, "ఏడిపించండే దాన్ని, గుండె పగులుద్ది" అని చుట్టును చేరి శోకములు పెట్టి కదిలింతురు. భర్తను గూర్చి కనికరము లేనిదని ఆడిపోసికొనువారు వేరు. ఈ రెండును తప్పే. కన్నీటి పరిమాణము ప్రేమకు కొలత కాదు. కొందరికి మొదటి దినములలో మొద్దుబారినట్లుండి, నెలల తరువాత పెట్టెలోని చొక్కా గుండీ చూచినపుడు కట్ట తెగును. కొందరు ఎన్నడును నలుగురిలో ఏడ్వరు, అయినను బాగుగనే తేరుకొందురు.

గుండె మాట మాత్రము పూర్తిగా కల్ల కాదు. తీవ్రమైన మనస్తాపము వలన గుండెకండరము తాత్కాలికముగా బలహీనమై, గుండెపోటును పోలిన లక్షణములు కనబడు వ్యాధిని 1990లో జపాను వైద్యులు వర్ణించి, ఆ గుండె ఆకృతినిబట్టి, అక్కడ ఆక్టోపస్సులను పట్టు కుండ పేరున దానిని టాకోట్సుబో అనిరి. నడివయస్సు దాటిన స్త్రీలలో ఇది యెక్కువ. ఉద్వేగమున పెల్లుబుకు హార్మోనులు దీనికి ముఖ్యకారణమని వైద్యుల భావన. నిలిచిపోయిన కన్నీరు కాదు. కనుక ఛాతీలో నొప్పి, ఆయాసము అనినచో "దిగులు చేత" యని సర్దిచెప్పక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఏడ్చుట, ఏడ్వకపోవుట వారి యిష్టమునకు వదలవలెను.

అపోహ: మగవానికేమి, నిబ్బరముగా నున్నాడు

భార్య పోయిన రైతు అరుగుమీద కూర్చుండును. వచ్చినవారు అతని ప్రక్కన కూర్చుండి ఎండను గూర్చి, సాగరు కాలువ నీటిని గూర్చి, గుంటూరు యార్డులో మిరపకాయ క్వింటా ధర ఎంత పలుకుచున్నదను దానిని గూర్చి మాటలాడుదురు. ధర పలుకును; మనిషి పలుకడు. ఆడవాండ్రు లోపల కోడలిని కావలించుకొని ఏడ్తురు కాని, అరుగుమీదివాని భుజముపై చేయి వేయువారు అరుదు. పిమ్మట ఎవరో ఒకరు, సంవత్సరమైనను తిరుగకమునుపే, "ఇంకో మనువు చూసుకోరాదూ" అని నవ్వుచునో నవ్వకనో అందురు.

1969లో ఇంగ్లాండున కోలిన్ ముర్రే పార్క్స్ అను మానసిక వైద్యుడు, ఆతని సహచరులు ప్రకటించిన యొక పరిశీలన ఉన్నది. ఏబదియైదేండ్లు నిండి భార్యలను కోల్పోయిన 4,486 మంది పురుషులను తొమ్మిదేండ్లు గమనింపగా, మొదటి 6 నెలలలోనే 213 మంది మరణించిరి. ఆ వయస్సు వివాహితులలో ఎదురుచూడదగిన మరణములకంటె ఇది 40 శాతము అధికము, అందును గుండెజబ్బుల వలన పోయినవారు ఎక్కువ. భార్యావియోగము మగవాని శరీరమునుగూడ తాకునని పిమ్మటి పరిశోధనలును పెక్కు చెప్పినవి. వేళకు మందుబిళ్ళ యందించు చేయి, "ఇంకొంచెం పెట్టుకో" యను గొంతు ఒకేసారి పోయినవాని నిబ్బరము చాలమారు వట్టి మొద్దుబారుటయే.

మా యెరుకలోని యొక పెద్దాయన భార్య పోయిన తరువాత మూడు నెలలు ఏమియు మాటలాడలేదు. మాఘములో కల్లమందు మిరపకాయలు ఎండబోసినపుడు, కుప్ప ప్రక్కన గొంతుకూర్చుండి, ఎఱ్ఱకాయను తెల్లబడిన తాలుకాయను చేతిలో పట్టుకొని, "తాలు ఏరేది అదే. నలభయ్యేళ్ళు నన్ను ముట్టుకోనియ్యలా. నాకు చేతకాదనేది" అన్నాడు. ప్రక్కనున్న పాలేరు ధర విషయము ఎత్తకపోవుట ఆ దినము ఆయన భాగ్యము. ఆ సాయంకాలమంతయు ఆయన ఆమెను గూర్చియే చెప్పినాడు.

అపోహ: పెద్దకర్మతో సరి, లేదా సంవత్సరీకముతో సరి, లేదా అయిదు మెట్లతో సరి

కాలమును కొలుచుటకు ప్రతి సమాజమును కొన్ని గుర్తులు నాటుకొన్నది. హిందువులకు పదునొకండవ, పదుమూడవ దినములు, సంవత్సరీకము. ముస్లిములలో భర్త పోయిన స్త్రీ, గర్భవతి కానిచో, పాటించు ఇద్దత్తు నాలుగు నెలల పది దినములు. రెంటచింతలలో పెక్కుమందియైన కథోలికులకు నవంబరు 2వ తేదీన సమాధులమీద వెలిగించు క్రొవ్వొత్తులు. ఇవి ఆచారమునకు గడువులు. శోకమునకు గడువులు కావు. చుట్టములు కర్మ మరునాడు బండ్లెక్కుదురు. అసలైన నిశ్శబ్దము ఆ మరునాటి రాత్రినుండి ఆరంభమగును. పలకరింపునకు అసలు అవసరమైన ఋతువు అప్పటినుండియే.

నేటి చదువరులలో క్రొత్త మూఢవిశ్వాసమొకటి ప్రబలినది. నిరాకరణము, కోపము, బేరము, క్రుంగుబాటు, అంగీకారము అను అయిదు మెట్లెక్కిన శోకము తీరునట. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ అయిదింటిని వర్ణించినది తమ మరణము దాపురించినదని తెలిసిన రోగులను గూర్చి. వెనుక మిగిలిన భార్యాభర్తలను గూర్చి కాదు. పిమ్మట అవి అందరికిని అంటగట్టబడినవి. "నీకింకా కోపం దశ రాలేదా?" అని దుఃఖితురాలిని ప్రశ్నించు మేధావి కంటె, ఊరకుండిన నిరక్షరుడు మేలు. స్ట్రోబె, షూట్ అను పండితులు 1999లో చెప్పిన మాట నాకు మన యనుభవమునకు దగ్గరగా తోచును: మనిషి ఒకపూట వియోగములో మునుగును, ఒకపూట బియ్యము, బ్యాంకు, బడిఫీజు పనులలో పడును, మరల మునుగును, ఈ ఊగిసలాటయే కోలుకొనుట.

అయినను గమనింపవలసిన హద్దు ఒకటి కలదు. ఎడతెగని శోకము తీవ్రముగనుండి నిత్యకృత్యములను స్తంభింపజేయుచు 6 నెలలు దాటినచో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణమును, పెద్దలలో 12 నెలలు దాటినచో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణమును, దానిని చికిత్స పొందదగిన స్థితిగా గుర్తించుచున్నవి. ఆయా సమాజపు ఆచారములను మించినదిగా అది యుండవలెను. చచ్చిపోవుటను గూర్చి పలుకు వచ్చినచో గడువులు లెక్కింపనే కూడదు. 14416 అను టెలీ-మానస్ మానసికారోగ్య సహాయ సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. ఈ సేవ 2022 అక్టోబరు 10న ఆరంభమైనది.

అపోహ: గాజులు చిట్లగొట్టుట, బొట్టు తుడుచుట పలకరింపులో భాగమే

భర్త పోయిన స్త్రీ మొగము ముత్తైదువలు చూడరాదనియు, పెండ్లి పందిటికి ఆమె దూరముగా నుండవలెననియు చెప్పువారే, ఆమె ఒంటరిదైపోయినదని కన్నీరు పెట్టుకొందురు. ఒంటరి చేసినది మృత్యువు కొంత, మనము కొంత. ఈ విషయమున తెలుగునేల ఎన్నడో పలుకవలసినది పలికినది: 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు తొలి వితంతు వివాహము జరిపించినాడు, గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనము స్థాపించి, వితంతువులకు, అనాథ బాలికలకు చదువును ఆశ్రయమును కల్పించిరి. అయినను పందిళ్ళలో ముందు వరుస నేటికిని ఆమెకు నిషిద్ధమే. మహారాష్ట్రలోని కొల్హాపురు జిల్లా హేర్వాడ్ గ్రామము 2022 మే నెలలో, ఈ గాజుల, బొట్టు తంతును విడువవలెనని గ్రామసభలో తీర్మానించినది. మన గ్రామసభలు రోడ్లను గూర్చి తీర్మానించుచునే యున్నవి.

అపోహ: "ఏ అవసరమొచ్చినా చెప్పు" అన్నచో సాయము చేసినట్లే

చెప్పరు. ఏమి కావలెనో వారికే తెలియదు. తెలిసినను అడుగుటకు నోరు రాదు. "రేపు పొద్దున్నే సచివాలయానికి నేనొస్తా, ఆధారు కార్డులు తీసి పెట్టు" అనునది సాయము. మరణమును 21 దినములలోగా నమోదు చేయించినచో రుసుము లేదు. ఆ ధ్రువపత్రము లేనిదే బ్యాంకు, బీమా, పట్టాదారు పుస్తకము ఏదియు కదలదు. అర్హతగల వితంతువులకు ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయల పింఛను కలదు. చావింట డబ్బు మాట యెత్తరాదను పాత మర్యాద, పదునాలుగవ దినమున కరెంటు బిల్లు కట్టదు.

పిన్ని దగ్గర నుండి నేను లేచినపుడు ఎండ వసారా మెట్టు దిగినది. ఆచారము తెలిసినవాడను గనుక "వెళ్ళొస్తా" అనలేదు. ఆమెయు "మళ్ళీ రా" అనలేదు. చెప్పులలో కాళ్ళు పెట్టుచుండగా, వెనుకనుండి ఆమె యనినది: "పై ఆదివారం మా చెల్లెలు దిగుద్ది. దానికీ చెబుదువుగాని, ఆ పుచ్చకాయ కథ. నేను చెబితే నమ్మదు."